అడిగితేనే అవుట్

హుద్‌హుద్ తుఫాను మా బడికి చేసిన మేలు ఒక్కటే. బడి వెనకున్న సరుగుడు తోటని పడగొట్టి మైదానం చేసి ఇచ్చింది. మరుసటి ఏడాది మొద్దులు పెరికించి నేల చదును చేసేసరికి, శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డునున్న ఆ చిన్న హైస్కూలుకి బేస్‌బాల్ ఆడుకునేంత చోటు దొరికింది. ఆట నేర్పాల్సిన పీఈటీ మాస్టారు మాత్రం ఆ వేసవిలోనే బదిలీ అయి వెళ్ళిపోయారు. హెడ్మాస్టరుగారు స్టాఫ్ రూములో అందరి మొహాలూ ఒకసారి చూసి, ఆడపిల్లల జట్టుని తెచ్చి లెక్కల టీచరునైన నా నెత్తిన పెట్టారు. "మీరేం చెయ్యక్కర్లేదమ్మా, ఊరికే వెంట ఉంటే చాలు" అన్నారు. ఊరికే ఉండడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు.

క్రికెట్ తెలిసినవాళ్ళకి బేస్‌బాల్ దానంతటదే అర్థమైపోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. నేను నమ్మి కొన్నాళ్ళు తికమకపడ్డాను. నేల మీద ఒక చతురస్రం గీసి, దాన్ని ఒక మూల మీద నిలబెట్టినట్టు ఊహించుకోవాలి. ఆ కింది మూలలో నేలకి సమానంగా పరిచిన రబ్బరు ముక్క ఉంటుంది. దాన్ని హోమ్ ప్లేట్ అంటారు. బ్యాటు పట్టుకున్న పిల్ల దాని పక్కన నిలబడి బంతిని కొట్టి, మిగతా మూడు మూలల్లో ఉన్న బేస్‌లని వరసగా తొక్కుకుంటూ చుట్టి, మళ్ళీ ఆ హోమ్ ప్లేట్ దగ్గరికే రావాలి. వస్తే ఒక పరుగు. ఒక్క ఊపులో రానక్కర్లేదు, మధ్యలో ఏదో ఒక బేస్ మీద ఆగి, తర్వాతి పిల్ల కొట్టినప్పుడు మళ్ళీ పరిగెత్తొచ్చు. మా బేస్‌లు ఇసక కుక్కిన ఎరువుల సంచులు. హోమ్ ప్లేట్ లారీ టైరులోంచి కోయించిన ముక్క. చూడ్డానికి పలకలా ఉంటుందని పిల్లలు దాన్ని పలక అనే పిలిచేవారు, నాకూ అదే అలవాటైంది.

ఆట నియమాలు ఇంగ్లీషులో ఉండేవి. ఆమదాలవలసలో మా ఇంటి నుంచి బడికి బస్సులో వస్తూ పోతూ చదివేదాన్ని. ఒకరోజు సాయంత్రం ఒక నియమం దగ్గర ఆగిపోయాను. ఎంతగా ఆగిపోయానంటే, దిగాల్సిన స్టాపు దాటిపోయి వెనక్కి నడిచి రావాల్సి వచ్చింది.

ఆ నియమం ఇది. పరిగెత్తే పిల్ల ఏదో ఒక బేస్‌ని తగలకుండా దాటేసిందనుకోండి. అంపైర్ చూశాడు. చూసినా ఏమీ అనడు. అవుటని చెయ్యెత్తడు. హోమ్ ప్లేట్ దగ్గరైతే సేఫని, అంటే అవుట్ కాదని, చేతులు చాచడు కూడా. బండరాయిలా నిలబడతాడు. అవతలి జట్టు గమనించి, బంతితో వచ్చి, ఫలానా పిల్ల బేస్ తగల్లేదని అడగాలి. అడిగితే అప్పుడు అవుట్. అడిగేలోపు ఆ పిల్ల వెనక్కి వచ్చి తొక్కేస్తే సరిపోతుంది. ఎవరూ అడక్కుండా తర్వాతి బంతి పడిపోతే ఆ పరుగు మంచి పరుగే. అది ఆటలో ఆఖరి పరుగైతే, అవతలి జట్టు మైదానం వదిలి గీత దాటేలోపు అడగాలి. దాటితే ఇంక ఎవరేమన్నా ఒకటే.

నాకు ఒళ్ళు మండింది. లెక్క తప్పయితే తప్పు, ఒప్పయితే ఒప్పు. ఎవరో చెయ్యెత్తి అడిగేదాకా ఒప్పుగా చెలామణీ అయ్యే తప్పుని నా ఉద్యోగంలో నేనెక్కడా చూడలేదు. పైగా తప్పని తెలిసినవాడు అక్కడే నిలబడి ఉంటాడు! రాత్రి అన్నం దగ్గర మా ఆయనతో ఇదే గొడవ. ఆయన రైల్వేలో పనిచేస్తారు, ప్రపంచంలో ఏ విషయాన్నైనా రైల్లోకి తెచ్చి చూస్తారు.

"ఇందులో ఏటున్నాది? టీసీ వచ్చి అడిగీవరకూ టిక్కెట్టు నేనోడు కూడా ప్యాసింజరే గదా" అన్నారు.

"ఇక్కడ టీసీ పక్కనే కూర్చున్నాడు. వీడి దగ్గర టిక్కెట్టు లేదని టీసీకి తెలుసు. ఎదుటి సీటువాడు అడిగితేగాని నోరు విప్పడు. అదీ గొడవ."

ఆయన "అలాటి టీసీని నాను సూడనేదు" అని మజ్జిగ కలుపుకున్నారు.

పిల్లలకి ఈ నియమం చెప్పాలా వద్దా అని కొన్నాళ్ళు గుంజాటన పడ్డాను. చెబితే బేస్‌లు ఎగ్గొట్టడం నేర్చుకుంటారనిపించింది. అందుకని, "ప్రతి బేస్‌నీ తొక్కాలి, పలకని తొక్కాలి, తొక్కకపోతే అవుట్" అని మాత్రమే చెప్పాను. నా మటుకు నేను ఆ నిశ్శబ్దం గురించి ఆలోచిస్తూనే ఉన్నాను. అలాంటి సంఘటన కళ్ళారా చూడాలని, ఆ క్షణంలో అంపైర్ మొహం ఎలా ఉంటుందో చూడాలని ఒకటే కుతూహలం.

మా జట్టులో అందరికంటే వేగంగా పరిగెత్తే పిల్ల పదో తరగతి. వాళ్ళ నాన్న సముద్రం మీద వేటకి వెళ్తాడు, అమ్మ చేపలు సంతకి తీసుకెళ్ళి అమ్ముతుంది. క్లాసులో నేను "అర్థమైందా?" అంటే అందరూ "అయిందండీ" అని ఒకే రాగంలో అనేవారు, ఏమీ అర్థం కాకపోయినా సరే. ఈ పిల్ల ఒక్కతే అనేది కాదు. "మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ప్లస్సెందుకొస్తాది టీచర్? రెండు తప్పులు కలిస్తే ఒప్పయిపోద్దేటి?" అని నిలబడి అడిగేది. గంట కొట్టినా కూర్చునేది కాదు. నాకు ఆ పిల్లంటే చెప్పలేనంత ఇష్టం. నేనెప్పుడూ క్లాసులో చెప్పేది ఒకటే మాట, అడగండి, తెలియకపోతే అడగండి, అడిగినవాళ్ళని నేనేమీ అనను అని. విన్నది ఆ పిల్ల ఒక్కతే.

ఆ ఏడాది విజయనగరంలో రెండు జిల్లాల బడులకీ కలిపి పోటీలు పెట్టారు. గెలిచిన జట్టు రాష్ట్ర పోటీలకి రాయలసీమ వెళ్తుంది. ఆ మాట విన్న దగ్గర్నుంచీ ఈ పిల్లకి నిద్ర లేదు.

"సముద్రం నేని ఊరు ఎలాగుంటాది టీచర్? రేత్రి సప్పుడుండదు గదా. మరి నిద్రెలాగొస్తాది ఆలకి?" అని అడిగింది.

"వెళ్ళి చూద్దువుగాని. ముందు గెలవండి" అన్నాను.

పదో తరగతి అయిపోతే బడి జట్టులో చోటుండదు. అంటే ఆ పిల్లకి ఇదే మొదటిసారి, ఇదే ఆఖరు. ఆ సంగతి తనకీ తెలుసు. చీకటితో లేచి ఒడ్డున ఇసకలో పరిగెత్తేదని వాళ్ళమ్మ చెప్పింది. "సేపలు మోసుకొచ్చీమంటే కాళ్ళు నొప్పులంటాది, ఈ పరుగులకి మాత్రం నొప్పులుండవు" అని నా దగ్గర ఫిర్యాదు కూడా చేసింది. చేస్తూ నవ్వింది.

ఆమదాలవలసలో పాసింజరెక్కి విజయనగరంలో దిగి, ఆటోల్లో కుక్కుకుని కాలేజీ గ్రౌండుకి చేరాం. మొదటి రోజు ఆటలన్నీ గెలిచాం. ఆ పిల్ల చుట్టి వచ్చిన ప్రతిసారీ పలక మీద రెండు కాళ్ళతో దబ్బున దూకేది, దుమ్ము లేచేది. "మెల్లిగా తొక్కవే, అది విరిగితే మనమే కొనివ్వాలి" అని నేను అరవడం, మిగతా పిల్లలు నవ్వడం.

రెండో రోజు ఫైనల్. ఆ రోజే ప్రారంభోత్సవం. ఆటలు ముందు రోజే మొదలైపోయాయి కదా, ఇప్పుడు ప్రారంభోత్సవమేమిటని మీరడగొచ్చు. ముఖ్య అతిథిగారికి ఆ రోజే తీరింది. మన దగ్గర అతిథి ఎప్పుడొస్తే అప్పుడే ప్రారంభం. ఆయన ఎండ ఎక్కాక వచ్చారు. క్రికెట్ పోటీలకి వికెట్ల దగ్గర కొబ్బరికాయ కొడతారు కాబట్టి, ఇక్కడ హోమ్ ప్లేట్ దగ్గర కొట్టాలని నిర్వాహకులు తేల్చారు. పాత ప్లేటు తీసేసి కొత్తది, తెల్లగా మెరిసేది వేశారు. దాని మీద పసుపు రాసి, మూలమూలకీ కుంకుమ బొట్లు పెట్టారు. పక్కన కర్పూరం వెలిగించారు. అతిథిగారు చెప్పులు విడిచి, దండం పెట్టుకుని, కొబ్బరికాయ కొట్టి, బ్యాటు పట్టుకుని ఫొటో దిగి వెళ్ళిపోయారు. రెండు జట్ల పిల్లలూ వరసలో నిలబడి దండం పెట్టుకున్నారు. నేను మాత్రం, రబ్బరు ముక్కకి ఇంత మర్యాదా అని మనసులో నవ్వుకుంటూ, ఆట ఎప్పుడు మొదలవుతుందా అని వాచీ చూసుకున్నాను.

అవతలిది విజయనగరం పక్క బడి. మంచి జట్టు. రెండు వైపులా బంతి వేసే పిల్లలు గట్టివాళ్ళు కావడంతో ఒక్కరు కూడా చుట్టి పలక దగ్గరికి రాలేదు. ఆఖరి ఇన్నింగ్స్‌లో వాళ్ళ బ్యాటింగు అయిపోయి మాది నడుస్తోంది, ఒక్క పరుగు వస్తే గెలుపు మాదే. అప్పటికే ఇద్దరు అవుట్. మూడో పిల్ల అవుటైతే ఇన్నింగ్స్ ముగిసి, ఆట సమానమై పొడిగిస్తారు. మా పరుగుల పిల్ల రెండో బేస్ మీద నిలబడి ఉంది.

బ్యాటు పట్టిన పిల్ల బంతిని అందరి తలల మీదుగా కొట్టింది. ఇక చూడాలి! రెండో బేస్ నుంచి లేచిన పిల్ల మూడో బేస్ సంచిని తొక్కి, మలుపు తిరిగి, జడ గాల్లో ఎగురుతుండగా పలకవైపు వచ్చింది. నేను కుర్చీలోంచి లేచి ఏమని అరుస్తున్నానో నాకే తెలియదు. అవతలి వాళ్ళ క్యాచర్, అంటే పలక వెనక కూర్చుని బంతి అందుకునే పిల్ల, బంతి కోసం పక్కకి జరిగింది. మా పిల్ల పలక దగ్గరికి వచ్చింది. వచ్చి, రెండు కాళ్ళూ ఎత్తి, దాని మీదుగా అవతలికి దూకింది.

దూకింది. తొక్కలేదు. నేను స్పష్టంగా చూశాను.

మా పిల్లలంతా కేకలు పెడుతూ పరిగెత్తి వెళ్ళి ఆ పిల్లని చుట్టేశారు. నేను అంపైర్‌ని చూశాను. ఆయన వయసు మళ్ళిన మనిషి. చేతులు తొడల మీద ఆనించుకుని వంగి ఉన్నవాడు వంగినట్టే ఉన్నాడు. పలక వైపు ఒకసారి చూశాడు. తర్వాత నడుం నిటారు చేసి, ఎటూ కాకుండా, దూరంగా కొండల వైపు చూస్తూ నిలబడ్డాడు. సేఫ్ అనలేదు. అవుట్ అనలేదు. బస్సు కోసం ఎదురుచూసే మనిషిలా ఉన్నాడు.

బస్సులో నా స్టాపు దాటించిన నియమం ఇప్పుడు నా కళ్ళ ముందు నిలబడి ఉంది. ఎన్నాళ్ళుగానో చూడాలనుకున్నది ఇదే. కానీ చూస్తున్నందుకు సంతోషించే స్థితిలో నేను లేను. ఆ మైదానంలో మేం గెలవలేదని తెలిసినవాళ్ళం ఇద్దరమే, ఆయనా నేనూ. అవతలి పిల్లలు కొందరు నేల మీద కూలబడి ఏడుస్తున్నారు. వాళ్ళ పీఈటీ వాళ్ళని లేపి, రండమ్మా, రండి అంటూ గీత అవతలికి తోలుకెళ్తున్నాడు. క్యాచర్ బంతిని చేతిలో ఊరికే పట్టుకుని అందరికంటే వెనక నడుస్తోంది. వాళ్ళంతా సున్నం గీత దాటితే చాలు. వెనక్కెళ్ళి తొక్కమని అరవడానికి వీల్లేదు, అరిస్తే వాళ్ళకీ వినిపిస్తుంది. నేను ఆ పిల్ల వైపు చూసి కళ్ళతో సైగ చేశాను, కదలకు, మాట్లాడకు అని.

మెచ్చుకుంటున్నాననుకుంది. మొహమంతా నవ్వుతో నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. వచ్చి, క్లాసులో నిలబడి అడిగినట్టే, అంత గొంతుతోనూ అడిగింది.

"టీచర్, నాను పలక మీద కాలెయ్యనేదు. పసుపూ కుంకం ఎట్టీసారు గదా. గడప దాటినట్టు దాటీసాను. పర్నేదా?"

నోరు ముయ్యవే అని నా మనసు అరిచింది. ఏళ్ళ తరబడి అడగండి అడగండి అని చెప్పిన మనసే అది. అవతలి పీఈటీ టక్కున వెనక్కి తిరిగాడు.

"ఏటీ? తొక్కనేదా? ఒసే, బంతట్టుకుని ఎల్లు! దాన్ని ముట్టు, దాన్ని ముట్టు!" అని క్యాచర్‌కి కేకేశాడు.

ముట్టాల్సింది పలకనో పిల్లనో క్యాచర్‌కి ఒక్క క్షణం పాలుపోలేదు. మా పిల్ల పలకకి దగ్గరగా ఉంది.

"పరిగెత్తు! ఎల్లి తొక్కీ!" అని అరిచాను. కంగారులో నా మాటలో కూడా ఊరి యాస వచ్చేసింది.

పరిగెత్తింది. క్యాచర్ కంటే చాలా ముందే చేరింది. పలక అంచున ఆగి కాలెత్తింది. ఎత్తిన కాలు అలాగే గాల్లో ఉండిపోయింది. కింద పసుపు, ఎండకి ఎర్రగా మెరుస్తున్న కుంకుమ. పొద్దున్న తను దండం పెట్టుకున్న పలక. ఆ పిల్ల నా వైపు తిరిగి చూసింది.

"తొక్కవే!" అన్నాను.

మాది బాప్టిస్టు క్రైస్తవుల కుటుంబం. మా ఇంట్లో గడపకి పసుపు రాయరు. ఇరుగుపొరుగు ఇళ్ళల్లో రోజూ చూస్తూనే పెరిగాను, వాళ్ళ గడపలు దాటే వెళ్ళాను, కానీ దాని మీద కాలు వెయ్యమంటే ఒంట్లో ఏమవుతుందో నాకు తెలియదు. ఆ పిల్ల కాలు నాకు అదే చెబుతోంది. నేను మాత్రం తొక్కు తొక్కు అని అరుస్తూనే ఉన్నాను. క్యాచర్ వచ్చి బంతిని ఆ పిల్ల వీపుకి తాకించి, "తొక్కనేదండి" అని అంపైర్‌కి చెప్పింది. అప్పటిదాకా కొండలు చూస్తున్న మనిషి పిడికిలి బిగించి చెయ్యెత్తాడు. అవుట్.

ఆట పొడిగించారు. వాళ్ళ పిల్ల ఒకతె చుట్టి వచ్చి పలక మీద కాలి బొటనవేలు మోపి, వెంటనే వెనక్కి తిరిగి, వంగి దాన్ని చేత్తో ముట్టుకుని కళ్ళకద్దుకుంది. పరుగు వచ్చింది. మాకు రాలేదు. ఓడిపోయాం.

మా పిల్ల ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. టీచర్ని కదా, దాన్ని కోపంగా మార్చుకుని, వాటర్ బాటిళ్ళు సర్దలేదని మిగతావాళ్ళ మీద అరిచాను. బహుమతులు ఇచ్చేశారు, పులిహోర పొట్లాలు పంచారు. రాయలసీమకి వాళ్ళు వెళ్తారు. సముద్రం లేని ఊళ్ళో రాత్రి ఎలా ఉంటుందో వాళ్ళు చూస్తారు. ఆ పిల్ల పొట్లం విప్పకుండా పక్కన పెట్టి కాసేపు కూర్చుంది. తర్వాత మొహం తుడుచుకుని లేచి, చెట్టు కింద పులిహోర తింటున్న అంపైర్ దగ్గరికి నడిచింది. గొడవ పెట్టుకుంటుందేమోనని భయపడి నేనూ వెనకాలే వెళ్ళాను.

"నాను తొక్కనేదని మీరు సూసారాండి?" అని అడిగింది.

"సూసానమ్మా."

"మరి అప్పుడే సెప్పనేదేటండి?"

ఆయన ముద్ద మింగి, తీరిగ్గా చెప్పాడు. "నాను సెప్తే ఆల తరఫున ఆడినట్టవుతాది. నువ్వు తొక్కినావో నేదో సూసుకోవడం ఆల పని. అడిగితే ఉన్నది సెప్తాను. అడక్కపోతే నాకూ ఆ చెట్టుకీ తేడా నేదు."

నేను కొన్నాళ్ళుగా తల బద్దలుకొట్టుకున్నది ఆయన పులిహోర తింటూ తేల్చేశాడు. తప్పు ఉంది, లేదని ఎవరూ అనడం లేదు. దాన్ని పట్టుకోవడం కూడా ఆటలో భాగమే, బంతిని పట్టుకున్నట్టు. అంపైర్ పట్టుకుంటే అది ఆటే కాదు. నాకు కోపం పోయి, ఆ నియమం మీద గౌరవం లాంటిది కలిగింది. అంతలో ఆ పిల్ల మళ్ళీ అడిగింది.

"అయితే నాను టీచర్ని అడగకపోయుంటే?"

"మీరే గెలిసీవోళ్ళు."

ఇప్పుడు కుప్పకూలిపోతుందనుకున్నాను. భుజం మీద చెయ్యి వేద్దామని ముందుకి జరిగాను. ఆ పిల్ల నన్ను చూడలేదు. కనుబొమలు ముడిచి, మైదానంలో పలక ఉన్న వైపు చూస్తూ ఏదో లెక్క వేసుకుంటోంది. క్లాసులో ఇలాంటి మొహం పెట్టిందంటే ఇంకో ప్రశ్న వస్తోందని అర్థం.

"అది కాలితోనే తొక్కాలేటండి? ఆ పిల్ల సేత్తో ముట్టుకున్నాది గదా, అలాగ సేత్తో ముట్టుకున్నా సాలా?"

"సాలు. సెయ్యైనా, కాలైనా, మోకాలైనా ఒకటే. నీ ఒంట్లో ఏదో ఒకటి తగిల్తే సాలు."

ఆ పిల్ల నా వైపు తిరిగింది.

"మీకు తెలుసా టీచర్, సేత్తో ముట్టుకున్నా సాలని?"

"తెలియదు" అన్నాను. అది నిజం. తగలాలి అని అన్నిసార్లు చదివాను, ప్రతిసారీ నాకు కాలే కనిపించింది.

"ముట్టుకుని కళ్ళకద్దుకునీదాన్ని గదా" అంది. "మరి మీరెవుర్నీ అడగనేదేటి?"

ఆ గొంతులో నిష్ఠూరం ఉంటే ఏదో ఒకటి చెప్పి ఊరుకోబెట్టేదాన్ని. నిష్ఠూరం లేదు. మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకొస్తుందని అడిగినట్టే, తెలుసుకుందామనే అడిగి, జవాబు కోసం నా మొహంలోకి చూస్తూ నిలబడింది.